తోడు బెంచీ

“లేవను,” అంది బ్రిన్.

బెంచీ తీసుకుపోవడానికి వచ్చిన ఇద్దరూ ట్రక్కుకు ఆనుకుని నిలబడ్డారు. మంచు పేరుకున్న ఆటస్థలంలో పిల్లలంతా మూగారు. ప్రిన్సిపాల్ పెన్నర్ గ్లౌజు తీసి, వేలి పెళ్ళి ఉంగరం ఒకసారి తిప్పుకుని, మళ్ళీ తొడుక్కున్నాడు.

ఒంటరిగా అనిపిస్తే ఎవరైనా ఆ పసుపు బెంచీ మీద కూర్చోవచ్చు. ఎందుకని అడగకూడదు. చూసినవాళ్ళు వచ్చి ఆటకు పిలవాలి. కూర్చున్నవాళ్ళ పేరు ఎక్కడా చెప్పకూడదు. ఈ నియమాలు పెట్టింది పెన్నరే. నాన్న ఇల్లు వదిలి వెళ్ళిన ఏడాదంతా బ్రిన్‌కు అదే చోటు. ఇప్పుడామె ఐదో తరగతి. బోలెడుమంది స్నేహితులు.

“ఇప్పుడు పిల్లలెవరూ దీనిమీద కూర్చోవడం లేదు తల్లీ. తీసెయ్యమని స్కూలు బోర్డుకు నేనే చెప్పాను. ఇక్కడ సైకిళ్ళు పెట్టుకోవచ్చు.”

“కూర్చుంటున్నారు సార్. నేను చూశాను.”

“ఎవరో చెప్పు. బెంచీ ఉంచేస్తాను.”

“చెప్పను. మీరు పెట్టిన నియమమే.”

“మీ అమ్మకు ఫోన్ చేస్తాను.”

“చెయ్యండి. వచ్చి నా పక్కన కూర్చుంటుంది.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. ట్రక్కు మనుషుల్లో ఒకడు, “మాకేం తొందర్లేదు సార్, ఫ్లాస్కులో కాఫీ ఉంది,” అన్నాడు.

“మొండిఘటం,” అని గొణిగాడు పెన్నర్. “కనీసం ఆ చివర్నించి ఇటు జరుగు. అక్కడ మేకు పైకి లేచింది. కోటు చిరుగుతుంది.”

బ్రిన్ చేత్తో తడిమింది. మేకు ఉంది. అయినా జరగలేదు.

గంట మోగింది. పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. ట్రక్కు మనుషులు క్యాబిన్‌లోకి ఎక్కి తలుపు వేసుకున్నారు. గాలి ముక్కు కోసేస్తోంది. బ్రిన్ పెదవులు నీలం తిరిగాయి. కదల్లేదు.

“ఇప్పుడెవరూ లేరు. నాకొక్కడికే చెప్పు,” అంటూ పెన్నర్ అలసటగా రెండో చివర కూర్చున్నాడు.

అప్పుడు లేచింది బ్రిన్. వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

“సాయంత్రం మేమంతా బస్సెక్కాక మీరు ఇంటికి పోకుండా ఇక్కడే కూర్చోవడం రోజూ బస్సు కిటికీలోంచి చూస్తున్నా గానీ, డ్రైవరు దిగనివ్వడు కాబట్టి ఇవాళ పిలుస్తున్నా సార్... మాతో ఆటకు వస్తారా?”