మూడో మార్పుకు విడిగా

గ్రాదిమిర్ లెక్క ప్రకారం అతని భార్య చెడిపోయింది. ముప్పై నాలుగేళ్లు మచ్చ లేకుండా కాపురం చేసిన మనిషి, పోయిన శీతాకాలం నుంచి రోజుకోసారైనా కాఫీ పొంగబెడుతోంది. కూతురు యెలిత్సా నోవీసాద్ వెళ్తూ వదిలేసిన కంప్యూటరు ముందు, అల్లిక నమూనాలు చూస్తున్నానంటూ గంటలకు గంటలు కూర్చుంటుంది. ఇన్నాళ్లలో ఒక్క మేజోడైనా పూర్తయిన పాపాన పోలేదు.

ఇవాళా కాఫీ పొంగింది. గ్రాదిమిర్‌కి తిట్టే తీరిక లేదు. ఊరి అగ్నిమాపక సంఘానికి నూరేళ్లు నిండుతున్నాయి. అధ్యక్షుడు తనే. నెల తిరిగేసరికి సంఘం హాల్లో ఇరవై నిమిషాల సినిమా వేయిస్తానని, అదీ యాభై యూరోల్లో తెమిల్చేస్తానని అందరి ముందూ మాటిచ్చేశాడు. యెలిత్సా ఓక్విర్ అనే స్టూడియో చిరునామా పంపుతూ, పని బాగుంటుంది, బేరాలాడకు నాన్నా అని కూడా రాసింది.

ఆ స్టూడియో మొహం చూపదు, ఫోనెత్తదు, అంతా రాతల్లోనే. సంఘం పోగేసిన పద్నాలుగు గంటల వీడియోలు చూసి, ఏరి, కత్తిరించి అతికించడానికి నాలుగు వందల యూరోలు, మూడు వారాలు. సగం ముందే కట్టాలి. మార్పులు రెండుసార్లు చేస్తారు. మూడో మార్పుకు విడిగా.

"మీట నొక్కితే అయ్యే పనికి నాలుగు వందలట," అన్నాడు గ్రాదిమిర్, వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ.

"ఏ మీటో చెప్పకపోయావా ముసలాయనా, పాపం వాళ్లకి తెలీదేమో," అంది భార్య జివానా, పొయ్యి తుడుస్తూ.

యాభై యూరోలిస్తాను, ఐదు రోజుల్లో కావాలి, పైగా ఇంట్లో పొగబెట్టిన సాసేజి కూడా పంపుతాను అని రాశాడు. గురువారం పొద్దున పంపితే సాయంత్రం దాకా ఉలుకూ పలుకూ లేదు. విసుక్కుందామంటే జివానా కూడా సంతకి పోయింది. దీపాలు పెట్టే వేళకి జవాబొచ్చింది.

"మీరు కట్టిన పొయ్యిని మట్టి ఆరకముందే అంటించమంటే అంటించనిస్తారా?"

తను పొయ్యిలు కట్టేవాడినని వీళ్లకెవరు చెప్పారు? యెలిత్సాకి నోరాగదు కదా, అనుకున్నాడు. కానీ ఆ మాట రెండు రోజులు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. వారంలో పొయ్యి కట్టిమ్మన్న మాస్టారిని నిరుడు తనే తాపీ చూపించి పొమ్మన్నాడు.

మూడో రోజు గొణుక్కుంటూ సొంత జేబులోంచి సగం కట్టాడు.

చిత్తు ప్రతి చూసి మొదటిసారి తన బట్టతల కనబడకూడదన్నాడు. రెండోసారి తన ఉపన్యాసం పెంచమన్నాడు. మూడోసారి, సంఘంలో తనతో మాటల్లేని మిలోయెని తీసెయ్యమంటే ఒక్క ముక్కే వచ్చింది: "విడిగా." మిలోయె ఉండిపోయాడు.

నూరేళ్ల పండుగ ముందురోజు మధ్యాహ్నం పూర్తి సినిమా అందింది. గ్రాదిమిర్ ముందుగదిలో ఒక్కడే కూర్చుని చూశాడు. తాతల నాటి చేతిపంపు, వరదలో పడవ, గొట్టం ముడి విప్పలేక తిట్టుకుంటున్న మిలోయె. నవ్వొచ్చింది.

చివర్లో, చిత్తు ప్రతిలో లేని ఒక దృశ్యం. పిండిమర తగలబడిన మర్నాటి తెల్లవారుజాము. మసి మొహంతో, కాళ్లీడ్చుకుంటూ తను ఇంటి గేటు తీస్తున్నాడు. ఈ వీడియో తను పంపలేదు. ఎవరో తీశారని కూడా తెలియదు. కిటికీ లోపలి నుంచి తీసిన బొమ్మ. పక్కన ఎర్రదారంతో కుట్టిన తెర అంచు, ఓ పూలకుండీ.

మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లాడు. కిటికీకి ఎర్ర అంచు తెర, గట్టు మీద కుండీ. జివానా ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో ఫోను చూస్తోంది, తలెత్తలేదు. పొయ్యి మీద కాఫీ పొంగబోతోంది. పెళ్లయ్యాక మొదటిసారి గిన్నె తనే దించాడు. మిగిలిన రెండు వందల యూరోలు ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"జివా, నువ్వడిగిన ధరే న్యాయం, తప్పు నాదే."