జకర్యా లెక్క

విజిల్ మోగింది. ఇది మూడోసారి.

దీవెన చేతికి అందబోతున్న బంతిని రెఫరీ పుష్పలత ఆపి, భద్రాచలం జట్టుకు ఇచ్చేసింది. అంతే, దీవెన తండ్రి జకర్యా ఖాకీ చొక్కాతో గీత దాటి బాస్కెట్‌బాల్ కోర్టులోకి దూసుకొచ్చాడు. బస్సు కండక్టరు ఆయన. డ్యూటీ దిగి, ఇంటికైనా వెళ్ళకుండా బిడ్డ ఆట చూడాలని వైరా గ్రౌండుకు వచ్చాడు.

"ఏంది మేడం ఇది! నా బిడ్డ ఎవర్ని తోసింది? ఎవర్ని గుద్దింది? ఊకె నిలబడ్డది. నిలబడ్డదే తప్పా?"

"అవ్ అన్నా, నిలబడ్డదే తప్పు" అంది పుష్పలత చెమట తుడుచుకుంటూ. "బుట్ట కింద ఎర్రరంగు వేసిన జాగ కనబడుతుందా? బంతి తన జట్టు చేతిలో ఉన్నప్పుడు ఏ పిల్లా అందులో మూడు సెకన్లకు మించి ఉండొద్దు. పొడుగోళ్ళంతా ఆడనే పాతుకుపోతే ఇంక ఆటేముంటది?"

"గిదేం రూలు? ఆ జాగకేమన్నా కిరాయి కట్టాల్నా?"

"నీ బస్సులో ఫుట్‌బోర్డు మీద ఎవరన్నా నిలబడితే ఊకుంటవా?"

జకర్యా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన గొంతు చించుకుంటున్నది ఆ ఒక్క సంగతి మీదే.

"డాడీ, నీకు దండం పెడ్త, బయటికి పో!" దీవెన పళ్ళు కొరికింది.

గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ వెళ్తుంది. దీవెన జట్టు, ఖానాపురం హవేలి పిల్లలు, అంత దూరం వెళ్ళడం ఇంతవరకు లేదు. విజిల్ విజిల్‌కీ బంతి ఇలా చేజారిపోతుంటే ఇంకేం గెలుస్తారు? జకర్యా గీత అవతల నిలబడి కాసేపు తల గోక్కున్నాడు. దీవెన మళ్ళీ ఆ ఎర్రరంగులో కాలు పెట్టిందో లేదో, బస్టాండు దద్దరిల్లే గొంతుతో అందుకున్నాడు.

"ఒకటీ... రెండూ... దిగు బిడ్డా, దిగు!"

దీవెన బయటికి గెంతింది. విజిల్ మోగలేదు. మళ్ళీ లోపలికి దూరి, బంతి అందుకుని, బుట్టలో వేసింది.

"మేడం, గిదేం అన్యాయం?" భద్రాచలం కోచ్ పరుగెత్తుకొచ్చాడు. "ఆయన గట్ల తన బిడ్డకు లెక్కపెడ్తుంటే మా పిల్లలెట్ల ఆడాలె?"

ఆ ఎండలో రెఫరీ పుష్పలత ఒక్కతే. ఆ కొసకూ ఈ కొసకూ ఉరికి ఉరికి ఆయాసపడుతోంది. ఒక్క క్షణం ఆలోచించి జకర్యా వైపు వేలు చూపింది.

"లెక్కపెడితే రెండు జట్లకూ పెట్టాలె. లేకుంటే నిన్ను గేటు బయట దింపుత."

"ప్రభువు సాక్షిగా ఇద్దరికీ పెడ్త మేడం!"

మాట తప్పలేదు జకర్యా. భద్రాచలం జట్టులో అందరికన్నా పొడుగు సోమ్లి. ఆమె ఆ ఎర్రరంగులోకి వచ్చినప్పుడల్లా అదే గొంతు, అదే పాట: "ఒకటీ... రెండూ... దిగు సోమ్లీ, దిగు!" ఆ పిల్ల నవ్వాపుకుంటూ బయటికి దిగేది. ఆ తర్వాత మూడు సెకన్ల విజిల్ ఒక్కటీ మోగలేదు. ఆట ఉరకలెత్తింది. విసుక్కున్న దీవెన కూడా ఒకసారి తండ్రికి బొటనవేలు ఎత్తి చూపింది. జకర్యా ఛాతీ బెత్తెడు పెరిగింది.

ఆఖరి పది సెకన్లు. ఖానాపురం నలభై ఒకటి, భద్రాచలం నలభై. బంతి భద్రాచలం చేతిలో ఉంది.

సోమ్లి బుట్ట కిందికి వచ్చి నిలబడింది.

జకర్యా నోరు తెరిచాడు. తెరిచినవాడు మళ్ళీ మూసుకున్నాడు. తను అరవకపోతే ఆ పిల్ల దిగదు. దిగకపోతే విజిల్ మోగుతుంది. మోగితే బంతి మనది, హైదరాబాద్ మనది. లెక్కపెట్టకపోవడం అబద్ధమాడటం కాదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

సోమ్లి ఆయన గొంతు కోసం ఒకసారి ఇటు చూసింది. ఆయన చప్పున తల తిప్పుకుని ఆకాశంలోకి చూశాడు.

ఒకటి, మనసులోనే. రెండు. మూడు. పుష్పలత నోట్లో విజిల్ ఉంది. నాలుగు. ఊదు తల్లీ! ఐదు. ఊదవేం? ఆరు...

బంతి గాల్లో తేలి వచ్చింది. సోమ్లి అందుకుని, ఉన్నచోటే ఎగిరి బుట్టలో వేసింది. ఆట ముగిసినట్టు గంట కొట్టారు. భద్రాచలం పిల్లలు సోమ్లిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. దీవెన ముఖాన్ని బనియన్‌లో దాచుకుని కోర్టులోనే కూలబడింది.

జకర్యా ఒక్క ఉరుకున రెఫరీ ముందు వాలాడు.

"మేడం! ఆ పిల్ల ఆడ ఆరు సెకన్లు నిలబడ్డది! ఆరు! విజిల్ ఏది? లెక్కపెట్టలేదా మీరు?"

పుష్పలత నోట్లోంచి విజిల్ జారింది. ఆయన వైపు అయోమయంగా చూసింది.

"నువ్వు పెడుతున్నవు గదా అని నేను ఎప్పుడో మానేసిన అన్నా!"