ఓథో కోసం ఒక గొడుగు

"ఈ ఒక్క బిళ్ళ ఇచ్చెయ్యమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను!"

హుకుంపేట సంతలో, జోరువానలో, పసుపు కొమ్ములు అమ్ముకుంటున్న సోములమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు దేవీప్రసాద్. ఆయనగారి కళ్లన్నీ ఆమె మెడలోని వెండి బిళ్ళల దండ మీదే. అన్నీ పాత రూపాయలు. మధ్యలో ఒక్కటి మాత్రం రోము చక్రవర్తి ఓథోది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. వాడే, తలమీద విగ్గుతో సహా! రోము తొలి పన్నెండు మంది చక్రవర్తుల వెండి నాణేల్లో పదకొండు విశాఖలో ఆయన బీరువాలో ఉన్నాయి. ఈ మూణ్నెల్ల రాజు కోసం ముప్పై ఏళ్లుగా తిరగని ఊరు లేదు.

"నీ గొడుగిచ్చీ, తీసుకుందువు," అంది సోములమ్మ. "బటన్ నొక్కితే సాలు, తెరుసుకుంటంది."

గొడుగుకి ఓథో! పదివేలు తీద్దామని జేబులో పెట్టిన చెయ్యి మెల్లగా ఖాళీగా బయటికొచ్చింది. పెట్టి పుట్టాలి మరి! గొడుగు ఆమెకిచ్చేసి బట్టతలతో వానలో నిలబడ్డాడు.

దండ విప్పుతూ ఆమె అడిగింది. "ఇంతకీ ఈ గుంటడెవరు బాబూ? మీ సుట్టమా?"

"రాజు, తల్లీ! రోము రాజు!"

"ఉన్నాడా?"

"ఎక్కడ! కత్తితో పొడుచుకుని చచ్చి దాదాపు రెండు వేల ఏళ్లయింది," అన్నాడు గొప్పగా.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఓలమ్మో! పొడుసుకుని సచ్చినోడా? మరైతే ఇలా ఇవ్వకూడదు. మా ఇంటి ఆచారముంది. గంటాగి రా."

ఏ దేవతకో దీపం పెడుతుంది కాబోలు, పెట్టనీ అనుకున్నాడు. ముప్పై ఏళ్లు ఆగినవాడికి గంటెంత? కాఫీ మీద కాఫీ తాగాడు. భార్య రత్నకి ఫోన్ చేసి, "ఓథో దొరికాడే!" అని అరిచాడు.

"ఎవరండీ ఆయన? భోజనానికొస్తాడా?" అందావిడ.

సరిగ్గా గంటకి, తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాడు. గొడుగు కింద దర్జాగా కూర్చున్న సోములమ్మ గుప్పిట విప్పింది. బిళ్ళ తళతళా మెరిసిపోతోంది. మసకేసిన కళ్లజోడులోంచి చూస్తే ముఖమేదో ఉంది గానీ, విగ్గు లేదు.

"సచ్చినోడి బొమ్మ సేతులు మారితే ఆడూ ఎంటొస్తాడు బాబూ, నీకు మంచిది కాదు. అందుకే సంతలో కంసాలి సేత కరిగించీసాను. పిసరంత ఎండి కూడా పోనేదు."

దేవీప్రసాద్‌ బిళ్ళని అటూ ఇటూ తిప్పి విగ్గు కోసం వెతికాడు. సోములమ్మకి జాలేసింది.

"ముఖం నేకపోతే బెంగెట్టుకుంటావని నీదే గీయించినాను కదా, కళ్లజోడుతో సహా!"