దూది ముసలాయన

మొదటి బెలూన్ ఢామ్మని పగలగానే, సెలూన్లో పేపరు చదువుకుంటున్న ఒకే ఒక్క మనిషి లేచి వెళ్ళిపోయాడు.

బెలూన్‌కి నురగ పూసి, అది పగలకుండా నురగ గీకగలిగితే గడ్డం గీయడం సగం వచ్చినట్టేనని మంచంలోంచి ఆవిడకి భర్త చెప్పాడు. పక్షవాతం ఆయన కుడిచేతిని పట్టుకుపోయి రెండు నెలలైంది. ఇరవై ఏళ్ళుగా ఆయన నడిపిన సెలూన్ అది. నెలాఖరుకి కుర్చీ నిండకపోతే గది వేరేవాళ్ళకిస్తానని యజమాని మర్యాదగానే రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

ఆవిడ బ్లేడును సగానికి విరిచి కత్తిలో బిగించడం నేర్చుకుంది. ఆ వారం పగిలిన బెలూన్ల చప్పుడుకి వీధి చివరి కుక్క కాపురం మార్చేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. వీధివాళ్ళు ఆవిడకి కత్తక్క అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళెవరూ గడ్డం మాత్రం ఇవ్వలేదు.

అప్పుడొచ్చాడు ముసలాయన.

ఎవరో ఎవరికీ తెలీదు. మొదటి బస్సు దిగి, నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెవి తమ్మె సగం లేదు.

"గియ్యమ్మా" అన్నాడు.

ఆవిడ నురగ పూసి కత్తి ఆనించింది. చెంప మీద రెండుచోట్ల ఎర్రటి చుక్కలు లేచాయి. ఆయన ఉలకలేదు, పలకలేదు. అంతా అయ్యాక జేబులోంచి ఇంత దూది తీసి, దవడ కిందనుంచి పైకి రుద్దాడు. పోగులు తెగకుండా మిగిలిన గడ్డానికి చిక్కుకున్నాయి. అద్దంలో ఆవిడకి చూపించి, పటిక అడిగి రాసుకుని వెళ్ళిపోయాడు.

అలా రోజు విడిచి రోజు వచ్చేవాడు.

కత్తిని నిలబెట్టకు, పడుకోబెట్టు అనేవాడు. ఎడంచేత్తో చర్మం లాగిపట్టు అనేవాడు. కత్తి బరువు కత్తికి ఉంది, నీ బరువు కూడా దాని నెత్తిన వెయ్యకు అనేవాడు. చివర్లో మాత్రం దూది. కోర్టులో సాక్ష్యం చూపించినట్టు చూపించేవాడు.

ఇదంతా ఆవిడ ఇంట్లో చెప్పలేదు. బేరాలెలా ఉన్నాయని భర్త అడిగితే, కుర్చీ ఖాళీగా ఉండట్లేదనేది. చచ్చుబడ్డ చేతిని చూసుకుని కుమిలిపోతున్న మనిషికి ఈ దూది గొడవ కూడా ఎందుకని.

ముసలాయన ధైర్యం చూసో ఏమో, మూడోవారం ముగ్గురు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. సరిగ్గా వాళ్ళ ముందే ఆయన దూది తీశాడు. ఒక్క పోగు చిక్కుకున్నా ఈ ముగ్గురూ లేచిపోతారని ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"పెద్దాయనా, ఆ దూది లోపల పెట్టండి."

"చూడాలిగా అమ్మాయ్."

"నా పని నచ్చకపోతే రాకండి. ఆ తెగిన చెవితో మీరిక్కడ కూర్చుంటే, కోసింది నేనే అనుకుంటున్నారు జనం."

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. ముసలాయన చెయ్యి చెవిదాకా వెళ్ళి ఆగింది. దూదిని ఒక్కసారి దవడ మీద పాకించి, అద్దం కింద అరలో పెట్టి, వెళ్ళిపోయాడు.

ఆ ముగ్గురూ గీయించుకున్నారు. సాయంత్రం అర తుడుస్తుంటే ఆవిడకి దూది కనబడింది. ఒక్క పోగు కూడా ఊడలేదు.

మూడోనాడు ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నెలాఖరున బెంచీ మీద చోటు లేదు. గది మాట ఎత్తకుండా యజమాని కూడా గడ్డం ఇచ్చి వెళ్ళాడు. ఆవిడకే మనసు ఆగక, మొదటి బస్సు కండక్టర్ని పట్టుకుని అడిగింది.

"ఆయన పోయి ఐదు రోజులైందమ్మా. నిద్రలోనే."

ఆ మధ్యాహ్నం భర్త దగ్గర కూర్చుని, చెవి మాట తప్ప దాచిందంతా చెప్పేసింది.

ఆయన తల తిప్పి ఆవిడ వైపు చూశాడు.

"ఎడమ తమ్మె సగం లేదా?"

"లేదు. మీకెలా తెలుసు?"

"నాకు పని నేర్పినాయన. దూది పోగు ఊడని రోజున, ఇక నీకు నాతో పని లేదు పొమ్మనేవాడు. నేను అందాకా ఉండలేదు, పారిపోయి వచ్చేశాను. మళ్ళీ మొహం చూపించలేదు."

"ఎందుకు?"

ఆయన ఎడంచేత్తో తన కుడిచేతిని ఎత్తి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ చెవి కోసింది ఈ చెయ్యే."