లోపలి గడియ

మా ఆయన నాగర్‌కర్నూల్ దవాఖానలో చేరిన రోజు పూజగదిలో దీపం పెట్టి, ఆయన తిరిగొచ్చేదాకా ఆరనివ్వనని మొక్కుకున్నాను. ఆయన దగ్గర మా మరిది ఉన్నాడు. ఘణపూర్ ఇంట్లో నేను, మా అమ్మాయి స్వరూప ఇద్దరమే ఉన్నాం.

ఆ రాత్రి స్వరూప, కంప్యూటర్‌ను నడిపించే అసలు ప్రోగ్రాంలో తర్వాత చదివేవాళ్ల కోసం వివరణలు రాస్తోంది.

"ఏం రాస్తున్నవే ఇంతసేపు?"

"ప్రోగ్రాంల ఉండే తాళాల గురించమ్మా. లోపల ఒకరుంటే ఇంకొకరు పోవద్దు. ఒక తీరు తాళమైతే, మూసి ఉంటే పోయిన పని వెంటనే వెనక్కి వస్తది. ఇంకో తీరుదైతే, తీసేదాక ఆడనే నిలబడ్తది. గీ తేడా ముందటోళ్లు రాయలే. తెల్వక అందరు పరేషాన్ అయితుండ్రు."

"లోపల ఎవరున్నరో అడగదా?"

"అడగదు. నీ లెక్క అన్నీ అడిగితే పనైనట్టే!"

నవ్వుకుంటూ దీపంలో నూనె పోయడానికి లేచాను. పూజగది తలుపు తెరుచుకోలేదు. లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. ఆ గదికి వేరే దారి లేదు.

తలుపు కింద సన్నగిల్లుతున్న వెలుగు, ఎవరో నూనె పోసినట్టు మళ్లీ నిండుగా పెరిగింది. గంటకు చేయి తగిలినట్టు చిన్న చప్పుడైంది. తర్వాత మెల్లగా ఒక దగ్గు వినిపించింది. పెళ్లైనప్పటి నుంచి ప్రతి రాత్రీ నా పక్కన విన్న దగ్గు అది.

వెనక స్వరూప వేళ్ల చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా, వెనక్కి రా," అంది.

నేను నూనె గిన్నెతో అక్కడే నిలబడ్డాను. తడితే తీస్తారేమో. తీస్తే, మరి దవాఖాన మంచం మీద ఎవరున్నట్టు?