చెవి చెప్పిన తీర్పు

ఫ్లూటు మాస్టారి పాటను సొంత తమ్ముడే దొంగిలించాడు. రెండు పాటల వరస ఒకటే, ముందు కట్టిందెవరో తేలలేదంటూ కోర్టు కేసు కొట్టేసినంత మాత్రాన అది అబద్ధమైపోదు. ఇరవై రెండేళ్ళుగా మాస్టారు వాణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదు. భార్య పోయిన రోజు కూడా గేటు దగ్గర్నించే పంపేశారు.

ఇప్పుడు కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన మంచం మీద పెట్టింది.

"పాటల కాపీ కేసులన్నీ ఈ వెబ్‌సైట్‌లో పెట్టారు నాన్నా. తీర్పులు, సాక్ష్యాలు, కోర్టులో మీ ఇద్దరి చేతా వాయింపించి రికార్డు చేసిన క్యాసెట్లు కూడా."

"ఎవడు పెట్టాడు?"

"లా కాలేజీ వాళ్ళు."

"మనింటి గొడవ వాళ్ళకెందుకు? మీ బాబాయే పెట్టించి ఉంటాడు."

"బాబాయికి ఫోన్ ఆన్ చేయడమే రాదు."

"రానట్టు నటిస్తాడు. నీకేం తెలుసు వాడి సంగతి?" మాస్టారు ఆమె ముఖంలోకి గుచ్చి చూశారు. "అయినా ఇవాళే ఎందుకు తెచ్చావు?"

కూతురు నసిగింది. "బాబాయి వచ్చాడు. బస్టాప్‌లో కూర్చున్నాడు. ఒక్కసారి నిన్ను చూసి వెళతానంటున్నాడు."

"అదీ సంగతి! ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట."

"ముందు విను నాన్నా. విన్నాక కూడా దొంగే అంటే, నేనే పంపించేస్తాను."

మాస్టారు కళ్ళజోడు తీసి దిండు పక్కన పెట్టారు.

"పేర్లు చదవకు. రాతలు ఎవడైనా మారుస్తాడు. పాట కట్టినవాడు వాయిస్తే ప్రాణం ఉంటుంది, ఎత్తుకొచ్చినవాడు వాయిస్తే ఉత్త స్వరాలుంటాయి. ఆ జడ్జికి చెవుల్లేవు, నాకున్నాయి. పెట్టు."

మొదటి క్యాసెట్ గరగరమంటూ మొదలైంది. రెండో చరణం దగ్గర ఆయన కళ్ళు మూసుకుని తలూపారు.

"ఆ మలుపు విన్నావా? మీ అమ్మకి అక్కడే కళ్ళు తడిసేవి."

రెండోదాన్ని ఆయన సగం కూడా సాగనివ్వలేదు.

"ఆపు! గోడకి సున్నం కొట్టినట్టుంది. ఒక్క స్వరంలోనైనా జీవముందా? వీడు జన్మలో పాట కట్టలేడు. దొంగ వెధవ!"

కూతురు తెరమీదికి వంగి మరోసారి చూసింది.

"ఏం, నోరు పడిపోయిందా? పో, పంపించెయ్. చచ్చేదాకా ఈ ఊసు నేనెత్తను. నా ముందు ఎవరూ ఎత్తొద్దు."

ఆమె లేవలేదు. ల్యాప్‌టాప్ మెల్లగా మూసింది.

"నాన్నా, రెండోది నీది."