కాటా మీద ఆగిన లారీ

"టక్" మంది. అంతే.

డ్రైవర్ సెసిల్ మళ్ళీ తాళం తిప్పాడు. మళ్ళీ "టక్". ఇరవై టన్నుల చెరకు మోస్తూ వచ్చిన లారీ, టోంగాట్ పంచదార మిల్లు గేటు దగ్గర, సరిగ్గా కాటా మీద మొండికేసింది.

వెనక నలభై లారీలు. కాటా దాటనిదే చెరకు లోపలికి వెళ్ళదు. పక్కకు లాగిపడేద్దామంటే ఇంజిన్ తిరగనిదే బ్రేకులకు గాలి ఎక్కదు, ఆ గాలి ఎక్కనిదే అవి చక్రాన్ని వదలవు.

అనకాపల్లి నుంచి వచ్చిన ఇంజినీరు వివేక్‌కి ఇక్కడ ఇదే మొదటి సీజను.

"మధ్యాహ్నానికి మిల్లు ఆగితే మీరూ ఇంటికి వెళ్ళిపోవచ్చు," అన్నాడు మేనేజరు ఫోనులో, నవ్వుతూనే.

వివేక్ బ్యాటరీ మార్పించాడు. టక్. స్టార్టర్ మోటారే విప్పించి కొత్తది బిగించాడు. టక్. ఇక మిగిలింది మాన్యువల్. దాన్ని తెరిచి, రేపే పరీక్ష ఉన్నట్టు మొదటి పేజీ నుంచి చదవసాగాడు. అచ్చులో ఉన్నదంటే పాపం అతనికి అంత గురి.

"బండి సచ్చిపోనాదేటి నాయనా?"

వివేక్ ఉలిక్కిపడ్డాడు. అచ్చం నాయనమ్మ మాట! నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి మొదటిసారి ఓట్లు వేసి రెండేళ్ళయిన ఈ కొత్త దేశంలో, ఇన్ని సముద్రాలకు ఇవతల!

వెనక ఒక పెద్దాయన. కోటు, టై, నూనె రాసి దువ్విన తెల్లజుట్టు.

"మీరు తెలుగువాళ్ళా?"

"మా తాత తెలుగు. నాకు కొంచెమే వచ్చు. తిండి, దేవుడు, తిట్టు. అంతే." పెద్దాయన నవ్వాడు. "ఇంజినీరు వివేకు నువ్వేనేటి?"

"అవునండీ."

ఆయన ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత కోటు విప్పి సెసిల్ చేతిలో పెట్టి, లారీ కింద దూరాడు.

"అయ్యో బాబాయ్, బట్టలు పాడైపోతాయి!"

"నా పని అయిపోనాది. బస్సుకి టైము ఉంది. సెసిల్, స్టార్ట్!"

టక్.

"ఆగు, ఆగు. జంపర్ కేబుల్ ఇయ్యి నాయనా. ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టు. ఇంకో కొస నాకు."

ఆ కొసని ఆయన ఇంజిన్‌కి తగిలించాడు. "ఇప్పుడు!"

ఇంజిన్ గర్రుమని తిరిగింది. వెనక నలభై లారీలూ హారన్లు కొట్టాయి. వివేక్‌కి ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కనబడుతున్నవీ అవే.

"సీజనుకని కొత్త పెయింట్ ఏసినారు కాదేటి?" వచ్చిన తెలుగుకి ఇంగ్లీషు కలుపుతూ కింద నుంచే చెప్పాడు పెద్దాయన. "నెగెటివ్ వైరు పెయింట్ మీదే బిగించినారు, పిచ్చోళ్ళు. లైటుకి ఆ కరెంటు చాలు. మోటారుకి చాలదు."

ఇంజిన్ ఆపించి, ఇనుము మెరిసేదాకా కత్తితో పెయింట్ గీకి, వైరు బిగించి బయటికి వచ్చాడు. ఈసారి తాళం తిప్పగానే లారీ కదిలింది.

"ఇది ఏ పుస్తకంలో ఉంది బాబాయ్?"

"పుస్తకమా! ముప్పై ఏళ్ళు నాను రిపేరు చేసినాను, తెల్లోడు సంతకం పెట్టినాడు. పుస్తకం ఆడి దగ్గరే ఉండిపోనాది." గ్రీజు చేత్తోనే వివేక్ బుగ్గ తట్టాడు. "మొకం పీక్కుపోనాది. ముందు తిండి తిను నాయనా."

వివేక్‌కి కళ్ళు చెమర్చాయి. రెండో లారీని కాటా ఎక్కించి తిరిగి చూసేసరికి పెద్దాయన లేడు. రోడ్డు మీద బస్సు వెళ్ళిపోతోంది.

ఒక్క పరుగున ఆఫీసులోకి వెళ్ళాడు. గుమాస్తా సావీ టైపు చేస్తోంది.

"సావీ, కోటు వేసుకున్న ఒక పెద్దాయన... ఎవరాయన? మన వర్క్‌షాపు ఫోర్‌మన్ ఉద్యోగానికి అలాంటి మనిషి కావాలి. ఎక్కడున్నా పిలిపించు!"

సావీ చేతులు ఆగిపోయాయి.

"ఆయన పేరు యెల్లప్ప, సార్. ఆ ఉద్యోగానికే వచ్చారు. సర్టిఫికెట్ లేనివాళ్ళని లోపలికి పంపొద్దని పొద్దున మీరే చెప్పారుగా. ఆ మాట నేను ఆయనకి చెప్పాకే, ఆయన మీ లారీ దగ్గరికి వెళ్ళారు."